పడమటి కిటికీ

జొన్న చేల నడుమ ఓ దిగుడుబావి, దాని మీదికి వంగిన తుమ్మచెట్టు. ఆ చెట్టు తూర్పు కొమ్మలకు గిజిగాళ్ల గూళ్లు సొరకాయల్లా వేలాడుతుంటాయి. పడమటి కొమ్మకు మాత్రం ఎవరూ కట్టరు. ఎందుకు కట్టరో కుర్ర గిజిగాడు పైడయ్య ఎన్నడూ అడగలేదు. వాడికి ఆ యేడే తల మీద పసుపు తేలింది. ఆ యేడే తొలి గూడు. గడ్డిపోచ చీలుస్తూ కలలు కనే రకం.

గిజిగాళ్లలో మగవాడు గూడు సగం కడితే ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితేనే కాపురం. పైడయ్య మనసంతా ముత్యాలు అనే పిట్ట మీద ఉంది.

చెట్టు మీది గిజిగాళ్లందరికీ పెద్ద అయిన ఈరమ్మత్త పిలిచి చెప్పింది. "ఒరే పైడిగా, ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. నీకు రెండూ ఒక్కసారే వచ్చాయి. తూర్పు కొమ్మకు కట్టు, పొద్దు వాలితే చెట్టే గొడుగు. గోడ రెండు వరసలు అల్లు. లోపల తడిమట్టి మెత్తు. గాలికి ఊగదు, ఎండకు కాగదు."

"అట్లాగే అత్తా" అన్నాడు. అన్నాడే గానీ, ఆ సాయంత్రం కాకి వచ్చి పక్కన వాలింది.

"ఏమోయ్ అల్లుడూ, నువ్వూ ఆ చీకటి బుర్రే కడుతున్నావా?"

"అందరూ అదేగా కట్టేది, మావా!"

"అందరికీ ముత్యాలు లాంటి పెళ్లాం వస్తుందా? పద్నాలుగు రోజులు గుడ్ల మీద కూర్చుని మట్టి గోడ చూస్తుందా పాపం? పడమటి కొమ్మకు కట్టి గోడకో కిటికీ పెట్టు. పొద్దు గుంకే ఎరుపంతా ఆమె ఒళ్లో వాలుతుంది."

పైడయ్య కళ్లు మెరిశాయి. పడమటి కొమ్మకు కట్టాడు. ఒక్క వరసే అల్లి, వెలుతురు తగ్గుతుందని మట్టి మెత్తలేదు.

ముత్యాలు వచ్చి లోపల ఓసారి తిరిగింది. "గోడ పలచగా ఉందే. మట్టి ఏది?"

"అది తర్వాత. ముందు ఇటు చూడు."

కిటికీలో జొన్న కంకుల వెనక సూర్యుడు దిగుతున్నాడు. ముత్యాలు కిటికీ అంచున వాలింది. "ఉంటాను" అంది.

మూడు గుడ్లు పెట్టింది. ఆ యేడు మృగశిర వచ్చినా వాన రాలేదు. పొద్దు వాలేసరికి ఎండ సూటిగా కిటికీలో దూరేది. గూడు పేలాలు వేయించే మంగలం అయ్యేది. తూర్పు గూళ్లలో తల్లులు కునుకు తీస్తుంటే ముత్యాలు నోరు తెరిచి రొప్పేది.

"ఆకులు తెచ్చి అడ్డం పెడతానుండు" అనేవాడు పైడయ్య. ఎండిన ఆకులు గాలికి ఎగిరిపోయేవి.

ఓ మధ్యాహ్నం ముత్యాలు తాళలేక రెక్కలు తడుపుకోడానికి బావిలోకి దిగింది. పైడయ్య ఆకుల కోసం చేలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి కిటికీలోంచి కాకి తల బయటికి వస్తోంది. ముక్కు నిండా సొన.

"మావా!"

"మంచి ఇల్లు కట్టావు అల్లుడూ" అంది కాకి ముక్కు కొమ్మకు రాసుకుంటూ. "తూర్పు గూళ్లలోకి ముక్కు దూరదు, దూరినా చీకటి. నీ ఇంట్లో ఏ గుడ్డు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు."

ముత్యాలు వచ్చి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పొద్దు గుంకడం మాత్రం చాలా బాగుండేది, పైడయ్యా" అని, తూర్పు వైపు ఎగిరిపోయింది.

పైడయ్య మళ్లీ కట్టాడు. తూర్పు కొమ్మకు, రెండు వరసలు, లోపల మట్టి, కిటికీ లేదు. లోపల ఎంత చల్లగా ఉందో! వానలు వచ్చాయి, వెళ్లాయి. తల మీద పసుపు వెలిసిపోయింది. చూడ్డానికి ఎవరూ రాలేదు. సాయంత్రాలు వాడొక్కడే ఆ చల్లని గూట్లో పడమటికి వీపు పెట్టి కూర్చునేవాడు.

కిటికీ ఎటు పెట్టాలో ఎండనడిగి తెలుసుకో, అందులో తొంగిచూసేవాణ్ణి అడక్కు.