తుపాకితో రాని మాట

ఓబుళయ్య తాతను ఎవరేమడిగినా ముందు చేతికి పని పెడతాడు. చేటెడు వేరుశనక్కాయలు ముందుకు తోసి, ఒలుస్తూ అడగమంటాడు. సగం మంది ఒలుస్తూ ఒలుస్తూ అడగాలనుకున్నదే మరచిపోతారు. ఆ రోజు కేశవులు మరచిపోలేదు. అతను మా అందరి తర్వాత చేరిన శిష్యుడు, నలభై దాటిన బడిపంతులు. తన అన్నకు ఎప్పుడో ఒక తప్పు చేశాడట. దాన్ని ఆ ఉదయమే తాతను పక్కకు పిలిచి చెప్పుకున్నాడు. పశువులకు నీళ్ళు పెడుతున్నట్టు నటిస్తూ నేను చెవులు రిక్కించాను గానీ ఏమీ వినపడలేదు. ఆ బుద్ధికి ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

"చెప్పుకున్నా తేలికపడలేదు తాతా," అన్నాడు కేశవులు మా అందరి ముందు. "ఉపవాసమా, యాత్రా, ఏదో ఒక ప్రాయశ్చిత్తం చెప్పండి."

తాత తన చేతిలోని కాయలు చేటలో పడేశాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండడం నేను చూసింది అప్పుడే. కేశవులుకు జవాబివ్వకుండా లింగారెడ్డి అని ఒకాయన సంగతి ఎత్తుకున్నాడు.

నలభై ఏళ్ళ కిందటి మాట. లింగారెడ్డి ఇంట్లో ముత్తాతల నాటి తుపాకి ఒకటి ఉండేది, గొట్టంలో మందూ గుండూ కూరి కాల్చేది. ముత్తాత దానితో చిరుతను కొట్టాడని ఆ ఇంటికి గొప్ప పేరు. దసరాకు దానికి పసుపూ కుంకుమా పెట్టి, వచ్చిన వాళ్ళందరికీ చూపించేవారు. అయితే దానికొక జబ్బుంది. మందు కూరాక గట్టి కుదుపు తగిలితే మీట నొక్కకుండానే పేలుతుంది. తండ్రి పోయే ముందు కొడుకును దగ్గరికి పిలిచి, మందు కూరాక దాన్ని పట్టుకుని అడుగు కూడా వేయొద్దని, కూర్చున్న చోటి నుంచే కాల్చాలని, ఈ సంగతి మాత్రం గడప దాటనివ్వొద్దని చెప్పాడు. ఆయనకు ఆయన తండ్రి చెప్పిందీ అదే. మూడు తరాలుగా తుపాకీ, ఆ మాటా కలిసే చేతులు మారుతూ వచ్చాయి.

ఒక ఏడాది అడవిపందులు పడి చేలు దున్నిపారేశాయి. లింగారెడ్డికి గురి లేదు. ఊళ్ళో గురి ఉన్నవాడు సుంకన్న. రెడ్డి అతన్ని పిలిపించి తుపాకి ఇచ్చాడు. సుంకన్న దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. దాని జబ్బు సంగతి రెడ్డికి నాలుక చివరిదాకా వచ్చింది. అంత భక్తిగా కళ్ళకద్దుకున్నవాడికి, మా ముత్తాత తుపాకి మంచిది కాదని ఎలా చెప్పడం? చెప్పలేదు. తుపాకి ఒక్కటే గడప దాటింది.

తెల్లవారుజామున సుంకన్న గట్టు చాటున కూర్చుని ఒకే గుండుతో పందిని పడగొట్టాడు. దారిలో మరోటి ఎదురైతే ఎలాగని మళ్ళీ మందు కూరి, తుపాకి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. తమ్ముడు మద్దిలేటి పందిని మోస్తున్న వాళ్ళతో ముందు నడుస్తున్నాడు. సుంకన్న గట్టు మీంచి కిందికి దూకాడు. తుపాకి పేలింది. మద్దిలేటి మోకాలు ఛిద్రమైంది. ఆస్పత్రిలో ఆ కాలు తీసేశారు.

చెయ్యి అజాగ్రత్త అని ఊరంది. సుంకన్నా అదే అన్నాడు. లింగారెడ్డి తల ఊపాడు. ఆ ఊళ్ళో వేట పడితే తుపాకికి ఒక వాటా తీయడం ఆనవాయితీ, అది తుపాకి ఎవరిదైతే వాళ్ళకు చేరాలి. మరిది ఆస్పత్రిలో ఉండగానే సుంకన్న భార్య మోదుగాకులో మాంసం చుట్టుకుని రెడ్డి గడప దగ్గర పెట్టి వెళ్ళింది.

"ఆ మాంసం వండించుకుని తిన్నాను సామీ, అన్నాడు రెడ్డి నాతో," అని చెప్పాడు తాత.

రెడ్డి దాచిన మాట మొదట విన్నది తాతే. అప్పటికి తాత కొత్తగా గురువయ్యాడు. అంతటి రెడ్డి తన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే లోపల పొంగిపోయానని ఆయనే చెప్పాడు. మాంసం మానమన్నాడు, రెడ్డి మానాడు. తుపాకి పాడుబావిలో పారేయమన్నాడు, పారేశాడు. అహోబిలం నడిచి వెళ్ళమన్నాడు, బొబ్బలెక్కిన కాళ్ళతో వెళ్ళొచ్చాడు. మద్దిలేటికి చంకకర్ర కూడా చేయించి ఇచ్చాడు. ఊరంతా రెడ్డిది దొడ్డ మనసు అని మెచ్చుకుంది. మెచ్చుకున్న కొద్దీ ఆయన చిక్కి సగమయ్యాడు. తాత మరో ఉపవాసం చెప్పాడు. మూడేళ్ళు ఇలాగే గడిచాయి.

ఒక రోజు సుంకన్నే తాత దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చూరు కింద నిలబడి కుడిచెయ్యి ముందుకు చాపాడు.

"ఈ సెయ్యికి ఏం ప్రాచ్చిత్తం సామీ? తమ్మున్ని కుంటోన్ని చేసిన సెయ్యి. మూడేండ్లాయె, దీంతో నా బిడ్డనెత్తుకోల్యా."

రెడ్డి తనను నమ్మి చెప్పుకున్న నిజం తాత బయటపెట్టదగింది కాదు, చెప్పకుండా ఆ చేతిని చూడనూ లేడు. రేపు రమ్మని అతన్ని పంపేసి, తానే రెడ్డి ఇంటికి పరుగెత్తాడు. ఆ సాయంత్రమే రెడ్డిని వెంటబెట్టుకుని సుంకన్న గుడిసెకు వెళ్ళాడు. రెడ్డి వాకిట్లో కింద కూర్చుని తుపాకి జబ్బు గురించి, తండ్రి చెప్పిన మాట గురించి, తాను మింగేసిన మాట గురించి పూసగుచ్చినట్టు చెప్పాడు. సుంకన్న లోపలి నుంచి మద్దిలేటిని పిలిచి, ఇదంతా వానికీ చెప్పమన్నాడు. రెడ్డి మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ విన్నారు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తాత అన్నాడు.

అంతా విన్నాక సుంకన్న రెడ్డి వైపు చూడలేదు. తాత వైపు తిరిగాడు.

"నీకూ ఎరికేనా సామీ?"

ఎరికే అన్నాడు తాత. ఎన్నాళ్ళుగా అని సుంకన్న అడిగాడు. మూడేళ్ళుగా అని తాత చెప్పాల్సి వచ్చింది. ఆ మాట చెప్పేటప్పుడు తన గురుత్వమంతా ఆ వాకిట్లో మట్టిలో కలిసిందని, మళ్ళీ దాన్ని ఏరుకోలేదని మాతో అన్నాడు.

ఇక్కడ మా వాకిట్లో ఎవరూ కాయ చిదపడం లేదు. కేశవులు తల వంచుకునే అడిగాడు, సుంకన్న రెడ్డిని క్షమించాడా అని.

"మేమడగలేదు," అన్నాడు తాత. "దానికోసం పోలేదు నాయనా మేము."

కేశవులు ఇంకేదో అనబోయాడు. తాత అతని చేతుల్లోంచి చేట తీసేసుకున్నాడు.

"మీ అన్న ఊరికి బస్సు ఎన్నింటికి?"