మార్చిన చక్రాలు

మృదులకి ఉక్రోషంగా ఉంది. అనంతగిరి ఘాట్ రోడ్డు మీద జరిగిన నాలుగు ప్రాక్టీసు సైకిల్ పందేల్లోనూ తనే గెలిచింది. రుక్మిణి ప్రతిసారీ రెండు మూడు సెకన్లు వెనకే. అయినా చూడ్డానికి వచ్చినవాళ్లు తనని మెచ్చుకోకుండా తన సైకిలుకున్న తేలికపాటి కార్బన్ చక్రాల కేసే చూస్తున్నారు.

తెల్లారగానే పైడిరాజు మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఇద్దరమ్మాయిలకీ సైకిల్ పందేలు నేర్పుతున్నది ఆయనే. ఆదివారం ఒక ప్రొఫెషనల్ జట్టువాళ్లు ఎంపిక పందెం పెడుతున్నారు. తీసుకునేది ఒక్కరినే.

"నా చక్రాలు రూల్సు ప్రకారమే ఉన్నాయి కదా మాస్టారూ?"

"ఉన్నాయి."

"మరి వీళ్ల గొడవేంటి? సైకిల్ కంపెనీవాళ్లు వీటిని నాకే ఎందుకిచ్చారు? బాగా తొక్కుతాననే కదా. కొండెక్కేది నా కాళ్లు. ఆ మాట మీరైనా చెప్పండి."

మాస్టారు రుక్మిణిని పిలిచారు. రెండు సైకిళ్లనీ తిరగేసి నాలుగు చక్రాలూ ఊడదీశారు. మృదుల చక్రాలు రుక్మిణి సైకిలుకి బిగించారు. రుక్మిణి పాత అల్యూమినియం చక్రాలు మృదుల సైకిలుకి పెట్టారు.

"కాఫీ తోటల మలుపు దాకా. ఏడు కిలోమీటర్లు," అని స్కూటర్ స్టార్ట్ చేశారు.

మొదటి ఎత్తులోనే మృదులకి తేడా తెలిసింది. తొక్కిన ప్రతిసారీ ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంది. ముందు రుక్మిణి దూసుకుపోతోంది. పది గజాలు. ఇరవై. నలభై.

మృదుల పళ్లు బిగించి లేచి నిలబడి తొక్కింది. మలుపుల్లో లోపలి అంచు పట్టుకుంది. ఎన్నడూ వెతకని దారులు వెతికింది, ఎన్నడూ వాడని బలం వాడింది. చెమట కళ్లలోకి కారుతోంది. ఆరో కిలోమీటరు దాటాక రుక్మిణి ఊపిరి వినిపించింది. మరుక్షణం ఇద్దరూ పక్కపక్కన. భుజం భుజం రాసుకుంటోంది. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు ఆపకుండా హారన్ కొడుతూనే పోయాడు.

చివరి యాభై గజాల్లో రుక్మిణి మళ్లీ ముందుకు జరిగింది. రెండు సైకిళ్ల పొడవు తేడాతో మలుపు దాటింది.

మృదుల హ్యాండిల్ మీద వాలిపోయింది. ఓడినందుకు ఏడుపు రావాలి, రాలేదు. ఒళ్లంతా ఇంకా పరిగెడుతున్నట్టే ఉంది.

"ఈ చక్రాలతోనా ఇన్నాళ్లూ నా వెనకాలే వచ్చావు?"

రుక్మిణి మొహం తుడుచుకుంది. "వెనకే ఉండిపోయాను కదా."

ఆమె వంగి చక్రాలు విప్పబోయింది. మృదుల ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడే స్కూటర్ వచ్చి ఆగింది.

"మాస్టారూ, ఆదివారం ఇద్దరికీ ఒకేరకం పాత చక్రాలు బిగించండి."

"రూల్సు అలా మార్చమనట్లేదమ్మా."

"తెలుసు."

"జట్టులో చోటు పోవచ్చు."

"పోతే ఎవరికి పోయిందో తెలుస్తుంది కదా మాస్టారూ."

మాస్టారు నీళ్ల సీసా తీసి ఇద్దరి మధ్యా పెట్టారు.

"తాగి కిందికి పదండి. ఇంకోసారి ఎక్కుదురుగాని."