ఎలుగు నాలుక మీద ఇప్పపువ్వు

నాకు జంతువుల భాష రాదు. మా ఇంటి పిల్లి నన్ను చూసి ఏమంటుందో ఇంతవరకూ తెలియలేదు, తెలియకపోవడమే నాకు మర్యాద. అయినా కొండల్లో జరిగిన ఈ సంగతి మాత్రం బాగా అర్థమైంది. అక్కడివాళ్లంతా నాలాగే మాట సగం విని లేచిపోయే రకం.

ఆ అడవిలో నక్క పాపయ్య ఒక పథకం పెట్టాడు. ఇప్పపూల కాలంలో ప్రతి ఇల్లూ అతని బొరియలో ఒక కుప్ప ఎండుపువ్వు వెయ్యాలి. ఇంటి పెద్ద ప్రమాదంలో పోతే పిల్లలకు ఆ వానాకాలమంతా తిండి అక్కణ్ణుంచే వస్తుంది. ఇది చెప్పడానికి తెల్లవారుతుండగా ఇప్పచెట్ల కింద సభ పెట్టాడు.

"ప్రమాదంలో పోతే తిండి పూచీ నాది," అన్నాడు. అందరూ తలలూపారు. "అయితే కొన్నిటికి వర్తించదు..." అంటుండగా పువ్వులు టపటపా రాలాయి. సభ మొత్తం మూతులు నేలకు పెట్టేసింది. పాపయ్య మిగతాది చెట్లకు చెప్పి ముగించాడు. పళ్లూడిన ముసలి ఎద్దు గౌరన్నకు పువ్వుల తొందర లేదు కాబట్టి, అతనొక్కడే చివరిదాకా విన్నాడు.

నేరేడుపళ్ల రోజులొచ్చాయి. ఎలుగు డొంబయ్య చెట్టెక్కి పళ్లు తింటూ, కొమ్మ విరిగి బండమీద పడి ప్రాణం వదిలాడు. పెళ్లాం సుక్కమ్మ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని బొరియ దగ్గరికి వచ్చింది.

"పాపయ్యన్నా, పిల్లలకి తిండి..."

"నిన్ను చూస్తే నా కడుపు తరుక్కుపోతోందమ్మా. కానీ మత్తులో పోతే వర్తించదు. మీ ఆయన ఇప్పపువ్వు తిని చెట్టెక్కాడు."

"వర్తించదని ఎప్పుడు చెప్పావు?"

"పువ్వులు రాలుతున్నప్పుడు."

వెనకనున్న కుందేలు చెవులమ్మ ముందుకొచ్చింది. "మరి మా ఆయన జ్వరంతో పోయాడే?"

"జబ్బు ప్రమాదం కాదమ్మా."

"పులి ముందుకెళ్లి తొడగొట్టి పోతే?"

"అదీ కాదు. కోరి తెచ్చుకున్నది కదా."

చెవులమ్మ చెవులు రెండూ వాలిపోయాయి.

"నమ్మకపోతే డొంబయ్య నోరు తెరిచి చూడండి," అన్నాడు పాపయ్య.

అందరూ నేరేడు చెట్టు కిందికి వెళ్లారు. గౌరన్న కొమ్ముతో నోరు తెరిచాడు. నాలుక మీద ఎండిన ఇప్పపువ్వు ఉంది. సుక్కమ్మ ఉన్నచోటే కూలబడింది. పెద్దపిల్ల తండ్రి వైపు చూడలేక తల్లి వీపు వెనక్కి వెళ్లిపోయింది.

గౌరన్న చాలాసేపు ఆ నోట్లోకే చూశాడు.

"పాపయ్యా, మత్తు మాట నువ్వన్నావు, నేను విన్నాను. జ్వరం మాటా అన్నావు. అవి న్యాయమే. కానీ మత్తని రుజువు చెయ్యాల్సింది నువ్వు."

"చూపించాను కదా మావా."

"పువ్వు చెట్టెక్కక ముందే తిన్నాడంటావు?"

"ముందే."

"ఆ తర్వాత నేరేడుపళ్లు?"

"కడుపునిండా. నాలుక చూడు, ఎంత నల్లబడిందో."

"నాలుక నల్లగా ఉంది, కోరలూ నల్లగా ఉన్నాయి. పువ్వుకి మాత్రం మరకే లేదు. పంటిగాటు కూడా లేదు."

పాపయ్య తోక ఊగడం ఆగిపోయింది.

"ఇంకొకటి. వానలు పడ్డాక ఈ అడవిలో ఇప్పపువ్వు ఎక్కడుంది?"

అందరి తలలూ బొరియ వైపు తిరిగాయి.

"చచ్చినవాడి నోట్లో చెయ్యి పెట్టాడా?" అంది చెవులమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు.

సుక్కమ్మ లేచి నక్కకు ఎదురుగా నిలబడింది. అరవలేదు, గోళ్లు చూపలేదు. ఊరికే చూసింది. పాపయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పిల్లలు ఏపాటి తింటారు?" అన్నాడు నీరసంగా.

"ఎలుగు పిల్లలు నాయనా," అన్నాడు గౌరన్న. "వానాకాలమంతా దగ్గరుండి చూద్దువుగాని."

మరుసటి ఏడు సభ మిట్టమధ్యాహ్నం, పువ్వులన్నీ ఏరుకున్నాక జరిగింది. పాపయ్య గొంతు సవరించుకుని, "ప్రమాదంలో పోతే..." అని మొదలుపెట్టాడు.

"అది తెలుసు," అంది సుక్కమ్మ. "ఇవ్వనివేవో ముందు చెప్పు. మెల్లగా చెప్పు."

ఎవరూ లేవలేదు.

నీతి: "ఇస్తాం" అన్నది విని లేచిపోకండి, మీ పిల్లల తిండి "ఇవ్వం" అన్న దగ్గరే తేలుతుంది.