వదులు గుల్ల

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. ఈ కథ ముగింపును నేను మార్చి చెబుతూ వచ్చాను.

సముద్రం ఒడ్డున టెంట్లు వేసుకుని సెలవులు గడపడానికి వచ్చే పిల్లలకు సాయంత్రం పూట కథలు చెప్పడం ఇప్పుడు నా పని. అందరూ గిలక అనే పీత కథే అడుగుతారు. "గిలక పరుగున వచ్చి ఉసిరిని కాపాడింది" అని ముగించేస్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను టార్చిలైటు తీసుకుని నా టెంట్‌లోకి వెళ్ళిపోతాను. మా చెల్లెలు వరాలు ఒక్కతే ఫోన్‌లో ఈ కథ విని, "నిజంగా టైముకి వచ్చిందా అక్కా?" అని అడిగింది. నేను మాట మార్చేశాను.

గిలక టైముకి రాలేదు. ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తాను. పిల్లలూ, దగ్గరగా జరిగి కూర్చోండి.

అనగనగా ఒక దీవి. దాని చుట్టూ తెల్లటి ఇసుక. ఇసుక దాటితే మొగలి పొదలు. పొదలు దాటితే కొబ్బరి చెట్లు. ఆ ఇసుకలో శంఖాల పీతలు కాపురం ఉండేవి. మామూలు పీతకు ఒళ్ళంతా గట్టి పెంకు ఉంటుంది. వీటికి ముందు సగమే గట్టి, వెనక సగం మెత్తన. అందుకని ఖాళీ గుల్ల ఏది దొరికితే దాంట్లో దూరి, దాన్నే వీపున మోసుకుని తిరుగుతాయి. కొంగ వస్తే లోపలికి ముడుచుకుని, పట్టుకారులాంటి పెద్ద డెక్కను తలుపులా అడ్డం పెట్టుకుంటాయి. గుల్ల కొలతకు సరిపోతే ఆ తలుపును ఏ కొంగా తెరవలేదు.

ఒళ్ళు పెరిగితే గుల్ల ఇరుకవుతుంది. అప్పుడు ఇల్లు మారాలి. దానికి ఆ పీతలకు ఒక ఆచారం ఉంది. దాన్ని వరస అంటారు.

అల ఒక పెద్ద గుల్లను తెచ్చి ఒడ్డున పడేసిందంటే ఆ కబురు ఇసుకంతా పాకిపోతుంది. పీతలన్నీ వచ్చి, పెద్దది ముందు, చిన్నది చివర, ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. అన్నిటికన్నా పెద్దది కొత్త గుల్లలోకి దూరుతుంది. అది వదిలిన గుల్లలోకి దాని వెనకది, అది వదిలిన దాంట్లోకి ఆ వెనకది. అలా చిట్టచివరి పిల్లపీత దాకా అందరికీ ఒక కొలత పెద్ద ఇల్లు వస్తుంది. కొట్లాట ఉండదు.

వరసకు పెద్ద గుండ్రాయి తాత. ఆయన పిల్లపీతలకు మూడు మాటలు నేర్పేవాడు. ఒకటి, ముందున్నవాళ్ళను తొయ్యకు. రెండు, నీ వెనక ఎవరున్నారో చూసుకో. మూడు, నీ గుల్ల నీకు సరిపోతున్నా సరే వరసకు రా, నీ వెనకున్నవాళ్ళకు వాళ్ళది సరిపోవడం లేదేమో.

గిలక ఆ మూడు మాటలూ గడగడా అప్పజెప్పేది. పేరుకు తగ్గట్టు అది ఒక్కచోట నిలిచేది కాదు. ఈ రాయి చూసొస్తా, ఆ పొద చూసొస్తా అంటూ తిరిగేది. దాని వెనకే ఉసిరి. ఉసిరి గిలక కన్నా సరిగ్గా ఒక కొలత చిన్నది. అందుకని వరసలో ఎప్పుడూ దాని చోటు గిలక వెనకే. గిలక విడిచిన గుల్ల ఉసిరికి కొలిచి కుట్టినట్టు సరిపోయేది.

"కాస్త చూసుకుని తిరుగు అక్కా," అనేది ఉసిరి. "రాళ్ళకేసి రాస్తే గీతలు పడతాయి. రేపు కట్టుకోవాల్సింది నేను."

ఆ ఏడు ఇద్దరూ బాగా పెరిగారు. ఇద్దరి గుల్లలూ ఇరుకైపోయాయి. ఉసిరి పరిస్థితి మరీ ఇబ్బంది. నాలుగడుగులు వేసి ఆగేది, ఊపిరి తీసుకుని మళ్ళీ నడిచేది. పెద్ద గుల్ల మాత్రం ఒడ్డుకు రాలేదు.

చలికాలం మొదలవుతూనే మనుషులు వచ్చారు. కొబ్బరి చెట్ల కింద ఒక పెద్ద బండి ఆపారు. దానికి కిటికీలు ఉన్నాయి, కర్టెన్లు ఉన్నాయి, లోపల పొయ్యి ఉంది, పక్కలు ఉన్నాయి. తలుపు కింద ఒక ఇనప మెట్టు. బండి చుట్టూ రంగురంగుల టెంట్లు లేచాయి. తాళ్ళకు తడి తువ్వాళ్ళు వేలాడాయి. పులిహోర తాలింపు వాసన ఇసుక దాకా వచ్చింది.

గిలక కళ్ళు ఆ బండి మీద పడ్డాయి. ఇల్లే, కానీ చక్రాల మీద ఉంది. మోసుకోనక్కర్లేదు. లోపల కూర్చుంటే అదే మోసుకుపోతుంది. పైగా కిటికీలు. గిలక జన్మలో తన ఇంట్లోంచి బయటికి చూసి ఎరగదు.

బండి నీడలో వాళ్ళ కుక్క పడుకుని ఉంది. దాని పేరు బజ్జీ. పీతలంటే దానికి ఆసక్తి లేదు, ఒకసారి పీత చేత ముక్కు కరిపించుకున్నాక మానేసింది. గిలక దాని దగ్గరికి వెళ్ళి, ఇంత మంచి ఇల్లు ఎక్కడ దొరికిందని అడిగింది.

బజ్జీ ఆవలించింది. "ఇది మాది కాదు తల్లీ, అద్దెది. మేము దిగ్గానే ఇంకెవరో ఎక్కుతారు. పక్క మీద నాకంటే ముందొచ్చిన కుక్క వాసన ఇంకా పోలేదు."

గిలకకు ఆ మాట ఎక్కలేదు. చక్రాలనే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆరోజు చెత్తబుట్ట పక్కన ఒక చిన్న గాజు సీసా దొరికింది. ఆవకాయ సీసా. కడిగారు కానీ సరిగ్గా కడగలేదు. గిలక చుట్టూ తిరిగి చూసింది. తన ఒంటికి కాస్త విశాలంగా, లోపల నున్నగా ఉంది. అన్నిటినీ మించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా అంతా కిటికీయే. రెప్పపాటులో పాత గుల్లలోంచి జారి సీసాలో దూరింది.

ఇక పాత గుల్ల. దాన్ని అక్కడే ఇసుక మీద వదిలేసి ఉంటే సాయంత్రానికి ఉసిరి కంట పడేది. గిలక అలా చెయ్యలేదు. ఒకవేళ ఈ సీసా నచ్చకపోతే, ఒకవేళ మళ్ళీ వెనక్కి రావాల్సి వస్తే, అనుకుంది. గుల్లను దొర్లించుకుంటూ మొగలి పొద మొదట్లోకి తీసుకెళ్ళి, ఎండుటాకులు కప్పేసింది.

ఉసిరి సీసాను చూసి చుట్టూ తిరిగింది. ముక్కు ముడుచుకుంది.

"ఇల్లు బాగుంది అక్కా, ఊరగాయ వాసనొకటే ఎక్కువ. మరి పాతదేం చేశావు?"

ఎక్కడో పెట్టానులే, చూద్దాం, అంది గిలక. ఉసిరి రెండోసారి అడగలేదు. అడిగిందే అడగడం దాని స్వభావం కాదు. ఇరుకు గుల్లలో ఊపిరి సర్దుకుని, నవ్వేసి వెళ్ళిపోయింది.

సీసా సంగతి గిలకకు తొందరగానే తెలిసింది. మధ్యాహ్నం ఎండలో లోపల పెనంలా కాలేది. నడిస్తే రాళ్ళకు తగిలి టంగుటంగుమనేది. నీడ అనేది లేదు. అందరికీ తన మెత్తటి వెనక భాగం కనిపించేది. అయినా బాగుందనే చెప్పింది అడిగినవాళ్ళందరికీ. బాగాలేదని చెబితే పాత గుల్ల సంగతి చెప్పాలి. చెబితే ఇచ్చెయ్యాలి.

ఒక తెల్లవారుజామున గాలివాన వచ్చి వెలిసింది. తెల్లారేసరికి ఒడ్డున నిగనిగలాడుతూ ఒక పెద్ద గుల్ల. కబురు పాకింది. ఉసిరి ఆగి ఆగి నడుచుకుంటూ కొబ్బరి చెట్ల దాకా వచ్చింది. గిలక అప్పటికి బండి ఇనప మెట్టు మీద ఎక్కి కూర్చుని ఉంది. టెంట్లు విప్పుతున్నారు. తాళ్ళు చుడుతున్నారు. టిఫిను కాగానే బండి దీవి అవతలి ఒడ్డుకు వెళ్తుందని బజ్జీ చెప్పింది. ఒక్కసారి చక్రాల మీద వెళ్ళి చూడాలని గిలక ఆశ.

ఉసిరి కింద నిలబడి పైకి చూసింది.

"వరస కడుతున్నారు అక్కా. తాత నిన్ను రమ్మన్నాడు. నీ ముందు చోటు, నా వెనక చోటు అన్నీ నిండిపోయాయి. నువ్వే లేవు."

గిలకకు మాట నోటిదాకా వచ్చింది. నా పాత గుల్ల మొగలి పొద కింద ఉంది, తీసుకో. అంతే, ఇంతకన్నా పెద్ద మాట కాదు. అది చెప్పేస్తే ఉసిరి ఏ వరసా లేకుండా ఆ నిమిషమే ఇల్లు మారేది.

"నువ్వు పద," అంది గిలక. "వెనకే వస్తున్నా."

ఉసిరి సరేనని వెళ్ళింది. బండివాళ్ళు చూసుకోకుండా మెట్టును ఎత్తి లోపల పెట్టారు. దాంతోపాటు సీసా, సీసాలో గిలక. తలుపు పడింది.

చక్రాల ఇంట్లో గిలక చూసింది ఏమిటంటే, మెట్టు కింద చీకటి. కుదుపులకు సీసా అటూ ఇటూ దొర్లింది. కిటికీ ఎక్కడో పైన ఉంది, దానికి అందలేదు. అవతలి ఒడ్డున తలుపు తెరవగానే ఇసుకలోకి దొర్లి పడింది. అక్కడా అదే ఇసుక, అదే సముద్రం. తెలిసిన పీత ఒక్కటి కూడా లేదు.

బజ్జీ దిగివచ్చి వాసన చూసింది. "నీ వెంట ఎప్పుడూ ఒక చిన్నది తిరిగేదిగా. దానికి చెప్పే వచ్చావా?"

గిలక సీసాను తిప్పుకుని వచ్చిన దారి పట్టింది.

ఎండలో కాలుతూ, రాళ్ళకు తగులుతూ, పోటు వచ్చినప్పుడు ఆగుతూ రాత్రీ పగలూ నడిచింది. దారి పొడుగునా ఆ ఒక్క మాటే అనుకుంటూ వచ్చింది. నా పాత గుల్ల మొగలి పొద కింద ఉంది, తీసుకో. మెత్తగా అని చూసుకుంది. నవ్వుతూ అని చూసుకుంది. దాచినందుకు తిడితే పడదామనుకుంది. ఉసిరి తిట్టదు, ఏదో ఒక వేళాకోళం ఆడుతుంది, అని కూడా అనుకుంది.

తన ఒడ్డు చేరేసరికి గుండ్రాయి తాత ఒక్కడే ఇసుకలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఒక ఖాళీ గుల్ల.

తాత కోప్పడలేదు. జరిగింది చెప్పాడు. ఆరోజు వరస గిలక చోటు దాకా వచ్చి ఆగింది. ముందువాళ్ళు వదిలిన గుల్ల గిలక కొలతది. దాని వెనక ఉసిరి. ఆ గుల్ల నీకు బాగా వదులు, డెక్క అడ్డం పెట్టినా తలుపు మూతపడదు, ఆగు, అన్నాడు తాత. ఉసిరి వెనక్కి తిరిగి చూసింది. వెనక పిల్లపీతలన్నీ దాని గుల్ల కోసమే ఎదురుచూస్తున్నాయి. అందరికన్నా చివరి దాని గుల్ల పగిలి ఉంది.

"అక్క వెనకే వస్తానంది తాతా. వచ్చాక మార్చుకుంటాం," అని ఉసిరి ఆ వదులు గుల్లలోకి దూరింది. పిల్లలందరికీ ఇళ్ళు దొరికాయి. అన్నీ వెళ్ళిపోయాయి. ఉసిరి మాత్రం అక్కడే నిలబడింది. లోపలికి పద, పొదల్లోకి పద, అని తాత ఎంత చెప్పినా, అక్క వస్తే ఇక్కడికే వస్తుంది అంది. ఎండ పైకి వచ్చింది. కొంగ వచ్చింది. ఉసిరి లోపలికి ముడుచుకుని డెక్క అడ్డం పెట్టింది. తలుపు మూతపడలేదు.

గిలక సీసాలోంచి బయటికి వచ్చి, తాత ముందున్న ఆ ఖాళీ గుల్లలోకి దూరింది. ఎక్కడా వదులు లేదు. దానికోసమే చేసినట్టు సరిపోయింది.

చీకటి పడకముందే మొగలి పొదలోకి వెళ్ళి ఎండుటాకులు తీసింది. పాత గుల్ల పెట్టింది పెట్టినట్టే ఉంది. దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి, అందరికీ కనబడేలా ఇసుక మధ్యలో పెట్టింది. పొద్దున్నే ఎవరో దూరి ఉన్నారు. ఎవరని గిలక అడగలేదు.

ఇప్పటికీ ఆ దీవిలో పెద్ద గుల్ల ఒడ్డుకు వస్తే అందరికన్నా ముందు వచ్చేది గిలకే. తన చోటులో నిలబడి, వెనక్కి తిరిగి, నా వెనక ఎవరున్నారు, మీ గుల్ల ఎలా ఉంది, అని అడుగుతుంది. పిల్లపీతలు నవ్వుతాయి, ఈ అమ్మమ్మకు ఎప్పుడూ ఇదే ప్రశ్న అని.

నీతి: మనకు అక్కర్లేనిది ఇంకొకరికి ప్రాణమైనప్పుడు, "ఒకవేళ" అనుకుంటూ దాచుకోకూడదు, ఇచ్చే మాట ఆలస్యమైతే, అందుకునేవాళ్ళు ఉండకపోవచ్చు.

కథ అయిపోయింది పిల్లలూ. ఇక నా సంగతి కొంచెం. ఊళ్ళో నా టైలరింగ్ కొట్టుకు తాళం వేసి ఈ దీవులకు వచ్చేశాను. తాళం చెవి ఈ టెంట్‌లోనే, నా సంచిలో ఉంది. వరాలు అక్కడ ఎవరింటి వరండాలోనో మిషను వేసుకుని, ఎండొస్తే ఈ మూలకీ, వానొస్తే ఆ మూలకీ జరుపుకుంటూ కుడుతోంది. నువ్వు రాకపోతే కొట్టు నేను తెరుచుకోనా అక్కా, అని ఒకసారి అడిగింది. చూద్దాంలే, వస్తున్నాగా, అన్నాను. రెండోసారి అడగలేదు.

బయట తెల్లారుతోంది. వరాలు ఈపాటికి లేచి వరండా ఊడుస్తూ ఉంటుంది. ఈ కాగితం పక్కన పెట్టి దానికి ఫోన్ చేస్తాను.