చిల్లు లేని పడవ

ఏ కాలం మాటో గానీ, పెదరేవులో దివాణం పడవ నడిపే కొలువు ఖాళీ అయింది. దివాను తిమ్మరాజుగారికి తెడ్డు వెయ్యడం వచ్చినవాళ్లకన్నా తన మాటకు తలూపేవాళ్లే ముద్దు. చిల్లుపడిన పడవ ఒకటి ఒడ్డున పెట్టించి, వచ్చినవాళ్లందరినీ అడిగాడు.

"దీనికి చిల్లు లేదంటాను. నువ్వేమంటావు?"

"లేదు ప్రభూ!" అన్నారు ఏడుగురు.

చివరికి నూకాలు వచ్చింది. మొన్నటిదాకా దివాణం పడవ నడిపిన ఎరకయ్య కూతురు. తండ్రికి మోకాళ్లు పట్టేశాయి. ఈ కొలువు దక్కితేనే వాళ్ల పొయ్యిలోంచి పిల్లి లేచేది.

"తమరు లేదంటే లేనట్టే బాబయ్యా. ఈ పడవలోనే తమర్ని అవతలి ఒడ్డుకు చేరుస్తాను."

దివాను పొంగిపోయి కొలువిచ్చేశాడు.

"అయితే ఎక్కండి. కొలువిచ్చినవారినే ముందుగా దాటించడం మన రేవు ఆచారం కదా!"

ఊరంతా చూస్తోంది. దివాను పంచె ఎగ్గట్టి ఎక్కక తప్పలేదు. నడి ఏటికి వచ్చేసరికి నీళ్లు పిక్కల దాకా వచ్చాయి.

"నూకాలూ, చిల్లు పూడ్చవే!"

"ఏ చిల్లు బాబయ్యా?" అంటూ ఆమె తెడ్డు వేస్తూనే ఉంది.

"ఉందే తల్లీ, ఉంది! నేనే చెబుతున్నాగా!"

వెంటనే నూకాలు నడుముకు దోపుకున్న పీచు ముద్ద తీసి చిల్లులో కుక్కింది.

అవతలి ఒడ్డున పంచె పిండుకుంటూ దివాను పకపకా నవ్వాడు. "లేదన్న చిల్లుకు పీచెందుకు తెచ్చావే?"

"లేదన్నది కొలువు కోసం బాబయ్యా. పీచు తమరి ప్రాణం కోసం."