దొరసాని శిలువ, నూకాలు కుళ్ళు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో సూరన్న అని రాతిపనివాడు ఉండేవాడు. వాడి పెళ్ళాం నూకాలు. విక్టోరియా రాణి ఏలుబడి నాటి మాట తల్లీ ఇది. ఊఁ కొట్టు మరి.

ఆ ఊళ్ళో ఉండే ఒక దొరగారి భార్య జ్వరమొచ్చి చనిపోయింది. అప్పుడు దొర సూరన్నని పిలిచి కాగితం మీద బొమ్మ చూపించాడు. వాళ్ళ దేశంలో వెయ్యేళ్ళ కిందటి శిలువలు అలా ఉంటాయట. తల చుట్టూ చక్రం, ఒళ్ళంతా జడ అల్లినట్టు మెలికలు. అలాంటిదే చర్చి పక్క సమాధుల తోటలో చెక్కి నిలబెట్టమన్నాడు.

ఆ తర్వాత సూరన్న ఇల్లే మరిచిపోయాడు. తెల్లారకముందే పోవడం, దీపాలు పెట్టాక రావడం. అన్నం ముందు కూర్చుని కూడా వేలితో కంచంలో మెలికలు గీసేవాడు.

నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. రోలు అరిగి నున్నబడింది, నాలుగు గంట్లు కొట్టిపెట్టమని ఏడాదిగా మొత్తుకుంటోంది. రాళ్ళు కొట్టేవాడి ఇంట్లో పచ్చడి నలగదు! చచ్చినావిడకి మాత్రం రాతిలో జడలల్లుతున్నాడు. బతికున్న పెళ్ళాం జడవంక ఏనాడైనా చూశాడా? ముక్కూ మొహం ఎరగని దొరసాని మీద ఎంత కుళ్ళో పిచ్చిదానికి!

అప్పుడేం చేసింది? సన్న ఉలి తీసి బియ్యం కుండలో దాచింది. సూరన్న కమ్మరి దగ్గర ఇంకోటి చేయించుకున్నాడు. ఆ తర్వాత అంబలిలో గుప్పెడు ఉప్పు పోసి పంపింది. గుక్క తిప్పుకోకుండా తాగేశాడు, ఉప్పని కూడా వాడికి తెలియలేదు. దాంతో దాని కడుపుమంట రెట్టింపైంది. మూడోనాడు మిట్టమధ్యాహ్నం సమ్మెట భుజాన వేసుకుని బయల్దేరింది.

తోటలో మొగుడు చెక్కుతున్నాడు. దొర గడ్డిలో కూర్చుని చూస్తున్నాడు.

"తప్పుకో మావా, దీన్ని ముక్కలు చేసేత్తాను! నా రోలుకి గంట్లు కొట్టే తీరిక లేదుగానీ ఈయమ్మకి జడలేత్తావా?" అంది నూకాలు.

దొరకి తెలుగు వచ్చు. మెల్లగా అన్నాడు.

"కొట్టకమ్మా. నా భార్య బతికుండగా తోటలో కూర్చోడానికి ఒక రాతిబల్ల అడిగింది. పనుంది, రేపు చూద్దామన్నాను. ఆరేళ్ళు అలాగే రేపు రేపన్నాను. ఇదిగో, ఇప్పుడు తీరికైంది నాకు."

నూకాలు సమ్మెట దించేసింది. సూరన్న తల వంచుకున్నాడు.

"ఇయ్యాలే రోలు పని చూసేత్తానే" అన్నాడు.

"రోలు మాట సరేలే. పొద్దుండగా ఇంటికి రా మావా, సాలు" అంది కళ్ళొత్తుకుంటూ.

అప్పుడు సూరన్న ఉలి కింద పెట్టి లేచాడు. ఇద్దరూ ఒకరినొకరు సాధించుకుంటూనే పక్కపక్కన నడిచి వెళ్ళారు. దొర గేటు దాకా వాళ్ళనే చూశాడు. ఇప్పుడు కుళ్ళుకోవడం ఆయన వంతైంది, పాపం.

కథేమో నడిచింది కంచికి,
నువ్వేమో ఒరుగమ్మా మంచానికి.