తియ్యటి బూడిద

కాలువ అవతల బీడులో పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఒకటి ఉండేది. దాన్ని మూసేసి మనుషులు వెళ్లిపోయారు. బ్యాటరీల్లోంచి రాలిన సీసం పొడి మాత్రం బూడిదలా గుట్టపడి మిగిలింది. పోయిన వేసవిలో అది నాకిన పందిపిల్ల ఒకటి దారి తప్పి ఒక నక్క పొట్టలోకి చేరింది. అప్పటినుంచి నక్క ఆ షెడ్డు వదలలేదు.

మంద మేతకొచ్చేది ఆ బీడుకే. ముందు నడిచేది ముసలి గేదె కర్రెమ్మ. తన చివరి ఈత దూడ చేత రోజూ దారి అప్పజెప్పించేది: "తూము, తుమ్మచెట్టు, రేవు." ఆ మూడూ దాటితే ఇల్లు.

"ఉప్పు కోసం రాళ్లు నాకుతావేం అక్కా? ఇది చూడు, బెల్లం కలిపినట్టుంటుంది" అంది నక్క.

కర్రెమ్మ నాకింది. నిజంగానే తియ్యగా ఉంది. దూడ కూడా మూతి పెట్టింది.

పది రోజులకు కర్రెమ్మ తుమ్మచెట్టు కింద ఆగిపోయింది. "ఇటా, అటా?"

వెనకున్న మేక నవ్వింది. "పాఠం చెప్పే పంతులమ్మవి నువ్వేగా వదినా!"

"వయసు మీద పడిందే" అంది కర్రెమ్మ.

"ముసలితనం అక్కా, మామూలే. ఇంకాస్త నాకు, బలమొస్తుంది" అని వెంటే వచ్చిన నక్క ఓదార్చింది.

మర్నాడు దూడ తడబడుతూ వెళ్లి షెడ్డు గోడకు గుద్దుకుంది.

"తూము తర్వాత ఏమిటే తల్లీ?"

"తూము... తూము..."

ఈసారి మేక నవ్వలేదు. "నీకైతే వయసనుకుందాం. నాలుగు నెలల దానికేం వయసు వదినా? మీ ఇద్దరి మూతులకూ ఆ బూడిదే. నేను ముట్టలేదు, నాకు దారి తెలుస్తూనే ఉంది."

కర్రెమ్మ దూడను బూడిద దగ్గర్నుంచి పక్కకు తోసింది. అంతలో నక్క రానే వచ్చింది. "పాపం, దూడ నడవలేకపోతోంది. నా దగ్గర వదిలి వెళ్లు, రేపు తీసుకుపోదువు."

కర్రెమ్మ నక్క కాళ్ల కేసి చూసింది. వాటినిండా బూడిదే. మాట్లాడుతూనే పంజాలు నాక్కుని శుభ్రం చేసుకుంటోంది.

"అలాగే తమ్ముడూ. ముందు నీ బొరియ చూపించు. రేపు నేను వెతుక్కోవద్దూ?"

"ఎంతసేపు!" అని నక్క ఉరికింది. పొద చుట్టూ తిరిగి షెడ్డుకే వచ్చింది. "ఇటు కాదులే" అని మళ్లీ ఉరికి, మళ్లీ షెడ్డుకే వచ్చింది. మూడోసారి రొప్పుతూ వచ్చి, "ఎవరమ్మా మీరు? నా బొరియ ఎక్కడో చూశారా?" అంది.

కర్రెమ్మ దూడను మూతితో తోసుకుంటూ మేక వెనక నడిచింది. మందలో ఒకరి వెనక నడవడం ఆమెకు అదే మొదలు.

మంద మళ్లీ ఆ బీడుకు పోలేదు. కర్రెమ్మ మాత్రం రోజూ పొద్దున్నే అడుగుతోంది.

"తూము?"

"తుమ్మచెట్టు" అంటోంది దూడ.

"ఆ తర్వాత?"

దూడ ఆలోచిస్తోంది. ఆ మూడోది తనకైనా గుర్తుందా అని లోలోపల వెతుక్కుంటూ, కర్రెమ్మ ఎదురుచూస్తోంది.

మరుపు వచ్చిందని వయసును తిట్టే ముందు, నోట్లోకి ఏం పోతోందో చూసుకోవాలి.